దీపం ఆర్పాక మీటరు

కురుపాం మార్కెట్ వెనక సందులో
మా నాన్న నూకరాజు ఇస్త్రీపెట్టెలు బాగుచేస్తాడు.
తీగ చుట్టిన అభ్రకం మాడిపోతే
కొత్త పలక తీసి, బ్లేడు అంచు దూర్చి
పొర మీంచి పొర విప్పుతాడు.
"ఉల్లిపాయ ఏడిపిస్తాది, ఇది మెరిపిస్తాది" అంటాడు.

చిన్నప్పుడు పక్కన కూచుని లెక్కపెట్టేదాన్ని.
ఓసారి పద్దెనిమిది దాకా వచ్చి
వేళ్ళ మధ్యే పొడైపోయింది.
"ఇంకా పల్చగా వస్తాదా నాన్నా?"
"వస్తాది. ఊపిరి మాత్రం ఒదల్కు."

ఊపిరి బిగబట్టే ఇప్పుడు
వాల్తేరు మెట్ట మీద, మూడో అంతస్తులో
కందిగింజంత నల్లటి స్ఫటికానికి టేపు అంటించి లాగుతాను.
మడిచి మళ్ళీ లాగుతాను. మళ్ళీ.
పాత పోస్టాఫీసు డాబాల మీద పోర్టు దుమ్ములా
టేపు మీద బూడిద మరక పలచబడుతూ పోతుంది.
ఆఖరికి సూక్ష్మదర్శినిలో
ఉందో లేదో అన్నట్టు ఒక నీలిరంగు ముక్క:
గంధకం, మాలిబ్డినం, గంధకం.
మూడు అణువుల మందం.
లోపల అంటూ ఏమీ లేదు దానికి,
ఒళ్ళంతా చర్మమే.

చీకట్లో అది మహా మొండిది.
బంగారు తీగలు రెండు పక్కలా అతికించినా
కరెంటుని పోనివ్వదు.
ఆకుపచ్చ లేజరు చుక్క పడిందా,
కంచరపాలెం గేటు ఎత్తగానే
స్కూటర్లూ ఆటోలూ ఒక్కసారి ఉరికినట్టు
ఎలక్ట్రాన్లు.
ముట్టుకోలేదు, వేడి చెయ్యలేదు, ఏమీ కలపలేదు.
వెలుతురు, అంతే.

ఆశ్వయుజం వాన రాత్రి.
సన్యాసిరావు సార్ గొడుగు మర్చిపోయి వెళ్ళిపోయారు.
లేజరు ఆపేశాను.
మీటరు దిగలేదు.

తీగలు కదిపి చూశాను. ఉప్పుగాలిని తిట్టాను.
ఈ ఊళ్ళో గేటు గొళ్ళేన్నీ
సైకిలు గొలుసునీ తినేది అదే కదా,
నా మీటరుని మాత్రం వదులుతుందా!
కిందికెళ్ళి ఎల్లాజీ దగ్గర టీ తాగి వచ్చాను.
ఇంకా దిగలేదు.
నలభై నిమిషాలు, దీపం లేని గదిలో
దీపం ఉన్నట్టే నడుస్తోంది అది.

తర్వాత అర్థమైంది.
వెలుతురు ఒక జంటని విడదీసింది.
ఒకటి కింది గాజులో ఏదో గుంటలో చిక్కుకుపోయింది,
రెండోది వెతుక్కుంటూ తిరుగుతోంది.
ఆ తిరుగుడే కరెంటు.
అవి కలిసేదాకా దీనికి చీకటి పడదు.

ప్లగ్గు పీకేశాక కూడా
మా నాన్న వేలు తడిపి పెట్టె అడుగున ఆనించి చూసేవాడు.
చుయ్ మనేది.
"కరెంటు ఆపీసినామని దానికి తెల్దు" అనేవాడు.

గది నిండా చీకటి ఉంచి
ఆ గీత ఎలా వాలుతుందో చూస్తూ కూచున్నాను.
ట్యూబులైటు వెయ్యకూడదు,
పెట్టె మూత తీసే ఉంది, నల్లగుడ్డ కప్పలేదు.
కిటికీ అవతల డాల్ఫిన్ నోస్ మీది దీపం
తిరిగీ తిరిగీ సముద్రం వైపు పోతోంది.

రెండూ నలభై ఏడుకి ఫోను మోగింది.
బల్ల మీద తెర భగ్గుమంది.
"కొట్టు తాళాలు నీ సంచిలో ఉండిపోనాయా?"
ఉన్నాయి.
"సరే. తడిసిపోకు."

పెట్టేశాక గ్రాఫు చూశాను.
నున్నగా వాలుతున్న గీత మీద
చిన్న గూను,
చీమ మింగిన తాడులా.

ఆ పాఠం తీసేసి మళ్ళీ కొలవచ్చు,
కొద్దిగా వేడి చేస్తే అన్నీ మర్చిపోతుంది ఆ పొర.
కొలవలేదు.

సోమవారం సార్ కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసి
కాగితం ముక్కు దాకా తెచ్చుకున్నారు.
"ఇదేంటమ్మా, ఇక్కడ?"
"బయటి వెలుతురు సార్."
"ఎక్కణ్ణించి?"
"కురుపాం మార్కెట్ నుంచి."

ఆయన గూను మీద వేలు ఓసారి ఆడించి
"ఈసారి గుడ్డ కప్పు" అన్నారు,
గొడుగు తీసుకుని వెళ్ళిపోయారు.